సభ్యుడు ఐపీ పెడితే పొదుపు సంఘం ఏం చేయాలి? నోటీసు అందిన రోజు నుంచి డిశ్చార్జ్ దాకా

"ఫలానా ఆయన ఐపీ పెట్టాడట" అన్న మాట చెవిన పడగానే మన ఊళ్లలో అప్పిచ్చినవాళ్లు ఆశ వదిలేసుకుంటారు. ఐపీ అంటే అప్పులు తీర్చలేనంటూ కోర్టులో వేసే దివాలా పిటిషన్. పొదుపు సంఘాల్లోనూ అదే తంతు. కోర్టు నోటీసు వస్తుంది, అధ్యక్షురాలు దాన్ని బీరువాలో పెడుతుంది, మహాసభలో "ఆ రెండు లక్షలు పోయినట్టే" అనుకుంటారు, అక్కడితో సరి. చిన్న సంఘాల లెక్కలు చూసే పనిలో నాకు కనిపించేది ఒక్కటే. ఐపీ వల్ల సంఘానికి కొంత నష్టం ఎలాగూ తప్పదు. కానీ వాయిదాకి ఎవరూ వెళ్లకపోవడం, బాకీ రుజువు దాఖలు చేయకపోవడం, జామీనుదారును గడువులోగా అడగకపోవడం వల్ల పోయే డబ్బు అంతకంటే ఎక్కువ. ఈ రెండో రకం నష్టాన్ని ఆపడం మన చేతుల్లోనే ఉంది. నెలకు వందా రెండొందలు కూడబెట్టినవాళ్ల సొమ్ము కాబట్టి ఆపి తీరాలి.

ఈ మార్గదర్శి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని చిన్న రుణదాతల కోసం: 1995 చట్టం కింద నమోదైన పరస్పర సహాయ సహకార సంఘాలు (మ్యాక్స్), 1964 చట్టం కింద ఉన్న పొదుపు, పరపతి సంఘాలు, ఉద్యోగుల సొసైటీలు, మహిళా సంఘాలు. మీ కేసు ఎలా నడపాలో మీ వకీలే చెప్పాలి. ఆయన దగ్గరకు ఏం పట్టుకెళ్లాలో, ఏం అడగాలో, ఏ తేదీ దాటనివ్వకూడదో ఇక్కడ చెబుతాను.

ముందు ఏ చట్టమో తెలుసుకోండి

2016లో వచ్చిన దివాలా స్మృతిలో వ్యక్తుల దివాలాకు ఒక భాగం ఉంది. కానీ అది ఇప్పటిదాకా అమల్లోకి వచ్చింది కంపెనీల అప్పులకు సొంత హామీ ఇచ్చినవాళ్ల వరకే, అదీ 2019 డిసెంబర్ 1 నుంచి. మీ సంఘంలో అప్పు తీసుకున్న కిరాణా వ్యాపారికి, రైతుకు, చిరుద్యోగికి వర్తించేది పాత ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం, 1920. అందులోని మొత్తాలు కూడా ఆ కాలానివే. 500 రూపాయల బాకీ ఉండి తీర్చలేని స్థితిలో ఉన్న మనిషి సెక్షన్ 10 కింద పిటిషన్ వేసుకోవచ్చు. అందుకే ఐపీ వేయడం అంత తేలిక. వేసినంత మాత్రాన అప్పు మాఫీ అయిపోదు.

మొదటి అడుగు: నోటీసును చదవండి

నోటీసుతో పాటు పిటిషన్ కాపీ, షెడ్యూళ్లు ఉంటాయి. లేకపోతే వకీలు ద్వారా కోర్టు నుంచి తెప్పించుకోండి. అందులో నాలుగు చూడాలి.

ఐపీ నంబరు, కోర్టు, వాయిదా తేదీ. ఇవి తీర్మానాల పుస్తకంలో ఆ రోజే రాయండి.

అప్పులవాళ్ల జాబితాలో మీ సంఘం పేరు, మొత్తం సరిగ్గా ఉన్నాయా? రెండు లక్షల బాకీని ఎనభై వేలుగా చూపించడం మామూలే. సంఘం పేరు బదులు కార్యదర్శి సొంత పేరు రాసేయడం కూడా ఉంటుంది.

ఆ జాబితాలో మిగతావాళ్లు ఎవరు? బావమరిదికి ఐదు లక్షలు, తోడల్లుడికి నాలుగు లక్షలు అంటూ ఏ కాగితమూ లేని చేబదుళ్లు కనిపిస్తే ఎర్ర పెన్నుతో గీత గీయండి. రేపు పంచే సొమ్ములో వాటా తగ్గించేవి అవే.

నాలుగోది ఆస్తుల జాబితా. మీ రుణ దరఖాస్తులో ఆయన చూపించిన ఆస్తులతో దీన్ని పక్కపక్కన పెట్టి పోల్చండి. దరఖాస్తులో రెండెకరాలు ఉండి ఇక్కడ ఏమీ లేకపోతే ఆ రెండెకరాలు ఎటు పోయాయో కనుక్కోవాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

తర్వాత కమిటీ సమావేశం పెట్టి, సంఘం తరఫున కోర్టు వ్యవహారం చూడటానికి ఒకరికి అధికారం ఇస్తూ తీర్మానం చేయండి. వకాలత్ (వకీలుకు కేసు అప్పగించే పత్రం) మీద ఆ వ్యక్తే సంతకం చేయాలి. నమోదు కాని సంఘమైతే ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. సంఘం పేరు మీద కోర్టుకు వెళ్లలేరు కాబట్టి, ప్రామిసరీ నోటు ఎవరి పేర ఉందో వాళ్లే ముందుకు రావాలి.

పిటిషన్ వేస్తే అన్నీ ఆగిపోతాయా?

ఆగవు. సంఘాలు ఎక్కువగా నష్టపోయేది ఈ అపోహ వల్లే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కోర్టు విచారించి ఆ మనిషిని దివాలాదారుగా ప్రకటించాక (సెక్షన్ 27) ఆయన ఆస్తి కోర్టుకో రిసీవరుకో (ఆస్తిని చేతిలోకి తీసుకుని రుణదాతలకు పంచేందుకు కోర్టు నియమించే మనిషి) చెందుతుంది. అప్పటినుంచి కోర్టు అనుమతి లేకుండా కొత్త దావా వేయకూడదు, ఆస్తి మీదకు పోకూడదు (సెక్షన్ 28). పెండింగులో ఉన్న దావా ఆపాలా, షరతులతో నడవనివ్వాలా అన్నది ఆ దావా నడుస్తున్న కోర్టు తేలుస్తుంది (సెక్షన్ 29). ఇదంతా ప్రకటన తర్వాత సంగతి. పిటిషన్ వేయడానికీ ప్రకటనకీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. ఆ మధ్యకాలంలో దావా వేసుకునే హక్కు మీకు ఉంటుంది, మీ నోటు మీద దావా వేసే గడువు కూడా నడుస్తూనే ఉంటుంది.

అడిగినప్పుడు చెల్లించాలి అని రాసిన ప్రామిసరీ నోటుకు గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆలోపు బాకీదారు కొంత కట్టి, నోటు వెనక జమ రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. ఐపీ పిటిషన్లో మీ బాకీని ఆయనే ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు కాబట్టి అది కూడా రాతపూర్వక ఒప్పుకోలుగా పనికొచ్చే అవకాశం ఉంది. అయినా దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. గడువు ఆరు నెలల్లోపు ఉంటే దావా వేసేయమని వకీలుకు చెప్పండి.

ఒక పరిమితి కూడా తెలిసి ఉండాలి. ముందే డిక్రీ తెచ్చుకుని ఆస్తి జప్తు చేయించినా, ఐపీ పిటిషన్ను కోర్టు స్వీకరించే తేదీలోపు వేలం వగైరా ద్వారా చేతికొచ్చిన సొమ్మే మీది. ఆ తర్వాతది రిసీవరు ద్వారా అందరికీ పంచాల్సిందే (సెక్షన్ 51). తనఖా ఉన్న రుణదాతకు మాత్రం ఈ బాధ లేదు. తనఖా ఆస్తి మీద ఆయన హక్కు చెక్కుచెదరదు.

రెండో అడుగు: ఫైలు సిద్ధం చేయడం

రుణ దరఖాస్తు, మంజూరు తీర్మానం, అసలు నోటు లేదా బాండు, డబ్బు ఇచ్చినట్టు వోచరు లేదా బ్యాంకు స్టేట్‌మెంట్, సభ్యుడి లెడ్జర్ కాపీ, జామీను పత్రం, సంఘం రిజిస్ట్రేషన్, బైలాస్. అన్నింటికీ రెండు సెట్ల జిరాక్సులు తీయించి, అసళ్లు లాకరులో పెట్టండి. లెడ్జరులో కొట్టివేతలు ఉంటే ఇప్పుడు దిద్దవద్దు. ఉన్నది ఉన్నట్టు ఉంచి, కారణం వేరే కాగితం మీద రాసి కమిటీ సంతకాలు పెట్టించండి. దిద్దిన పుస్తకం కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది.

మూడో అడుగు: పొదుపును పట్టి ఉంచండి

అప్పు తీసుకున్న సభ్యుడికి మీ దగ్గర పొదుపు కూడా ఉంటుంది. ఐపీ పెట్టాక ఆయన భార్య వచ్చి "పిల్ల ఫీజుకండీ, కనీసం మా పొదుపైనా ఇవ్వండి" అని అడుగుతుంది. ఆ పరిస్థితిలో కాదనడం ఎవరికైనా కష్టమే. కానీ ఇవ్వకూడదు. సెక్షన్ 46 ప్రకారం ఇరువైపులా లావాదేవీలు ఉన్నప్పుడు చెల్లుకు చెల్లు వేసి, మిగిలిన బాకీనే కోర్టులో చూపించాలి. చిన్న సంఘానికి చట్టంలో దొరికే గొప్ప ఊరట ఇదే. పంపకంలో రూపాయికి పావలా వస్తుందో లేదో తెలియని చోట, పొదుపు మేరకు మాత్రం మీకు రూపాయికి రూపాయి దక్కుతుంది. వాటా ధనాన్ని కూడా ఇలా సర్దుకోవచ్చో లేదో మీ బైలాస్ చూసి వకీలుతో మాట్లాడండి.

ఐపీకి ముందు మూడు నెలల్లో వచ్చిన సొమ్ము సంగతి కూడా చూసుకోండి. మిగతా అప్పులవాళ్లను కాదని మీ ఒక్కరికే మేలు చేయాలనే ఉద్దేశంతో ఆయన పెద్ద మొత్తం కట్టి ఉంటే, దాన్ని రిసీవరు వెనక్కి రప్పించవచ్చు (సెక్షన్ 54). మామూలు నెలవారీ కిస్తీల గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఒకేసారి బాకీ మొత్తం కట్టేసి, నెల తిరక్కుండా ఐపీ పెడితే మాత్రం ఆ సొమ్మును కొత్త రుణాలకు పంచేయకుండా కొన్నాళ్లు పక్కన ఉంచడం మేలు.

నాలుగో అడుగు: జామీనుదారు

చిన్న సంఘానికి గట్టి ఆస్తి ఏదైనా ఉందంటే అది జామీను సంతకమే. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే, జామీనుదారు బాధ్యత అసలు బాకీదారుతో సమానం. బాకీదారు ఐపీ పెట్టినా, చివరికి కోర్టు ఆయన్ని అప్పుల నుంచి విడుదల చేసినా (డిశ్చార్జ్ అంటే ఇదే), జామీనుదారు విడుదల కాడు. ఇన్సాల్వెన్సీ చట్టం సెక్షన్ 44లోనే ఈ మాట ఉంది. కాబట్టి నోటీసు వచ్చిన వారంలోనే జామీనుదారుకు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో లీగల్ నోటీసు పంపండి.

ఈ హక్కును సంఘాలు తెలియకుండా పోగొట్టుకునే దారులు కొన్ని ఉన్నాయి. బాకీదారు వచ్చి బతిమాలితే, జామీనుదారుకు చెప్పకుండా గడువు పొడిగిస్తూ ఒప్పందం రాసుకుంటారు. లేదా అసలు తగ్గించి సెటిల్ చేసుకుంటారు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 135 ప్రకారం అలాంటి రాజీకి జామీనుదారు సమ్మతి లేకపోతే ఆయన బాధ్యత అక్కడితో తీరిపోతుంది. మూడేళ్లకోసారి నోటు తిరగరాయించుకునేటప్పుడు "ఆయన ఊళ్లో లేడులే" అని జామీను సంతకం వదిలేయడం కూడా ఇలాంటిదే. పాత నోటుతో పాటు పాత జామీనూ పోతుంది. జమ రాసినప్పుడు కూడా ఇద్దరి సంతకాలూ తీసుకోవడం అలవాటు చేసుకోండి.

సంఘాల్లో ఇంకో చిక్కు ఉంది. లక్ష్మికి రమణ, రమణకు లక్ష్మి జామీను ఉంటారు. ఒకరు ఐపీ పెడితే రెండో మనిషి మీద సొంత అప్పు, జామీను అప్పు రెండూ పడతాయి, ఆయనా ఐపీ దారి పడతాడు. మీ రిజిస్టరు తీసి ఇలాంటి జంటలు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్క తీయండి.

జామీనుదారుతో మాట్లాడేటప్పుడు మర్యాద తప్పొద్దు. ఆయన చాలాసార్లు మొహమాటానికి సంతకం పెట్టిన మనిషి. ఆయనతో రాతపూర్వకంగా కిస్తీలు మాట్లాడుకోవచ్చు. ఇంటిమీదకు పోయి అరవడం, బండి లాక్కురావడం మాత్రం బాకీదారు విషయంలోనైనా, జామీనుదారు విషయంలోనైనా సంఘాన్ని పోలీసు కేసులో ఇరికించే పనులు.

ఐదో అడుగు: ఎదుర్కోవాలా, వదిలేయాలా?

తాను బాకీలు తీర్చలేనని పైకి కనిపించేంత రుజువు చూపిస్తే బాకీదారుకు సరిపోతుంది. అందుకే ప్రతి ఐపీనీ వ్యతిరేకించి గెలవలేరు. నిజంగా చితికిపోయిన మనిషైతే కౌంటరు (పిటిషన్‌కు మీ జవాబు) వేసి మీ మొత్తం సరిచేయించుకుని, శక్తిని తర్వాతి దశలకు దాచుకోవడమే నయం. ఆస్తులు దాచాడనో, అప్పుల కంటే ఆస్తి ఎక్కువ ఉందనో కాగితం దొరికితే మాత్రం గట్టిగా ఎదుర్కోండి. మధ్యంతర రిసీవరును వేయమని కూడా అడగండి. బాకీదారే పిటిషన్ వేసిన కేసుల్లో మామూలుగా వేయాలని సెక్షన్ 20 చెబుతోంది.

ఆ కాగితం దొరికేది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనే. బాకీదారు పేరు మీదున్న సర్వే నంబర్లకు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీలు చూపే పత్రం) తీయించండి. ఆంధ్రలో మీభూమి, తెలంగాణలో భూభారతి పోర్టళ్లలో పట్టాదారు పేరు చూసుకోవచ్చు. ఆయన దివాలాదారుగా ప్రకటితమై, ఐపీ పిటిషన్ వేసిన తేదీకి ముందు రెండేళ్లలోపు కొడుక్కో భార్యకో గిఫ్టుగానో, ఉత్తుత్తి అమ్మకంగానో ఆస్తి రాసి ఉంటే, రిసీవరు పిటిషన్ మీద కోర్టు దాన్ని రద్దు చేయవచ్చు (సెక్షన్ 53). రిసీవరు కదలకపోతే, ముందు ఆయన్ని రాతపూర్వకంగా అడిగి, నిరాకరించారని చూపించి, బాకీ రుజువు చేసుకున్న రుణదాత కోర్టు అనుమతితో తానే పిటిషన్ వేయవచ్చు (సెక్షన్ 54ఏ). ఒక్క సంఘానికి ఈ ఖర్చు భారమే. జాబితాలోని ఇతర రుణదాతలతో కలిసి ఒకే వకీలును పెట్టుకుంటే మోయగలిగేంతే అవుతుంది. ఆస్తి దాచడం సెక్షన్ 69 కింద ఏడాది దాకా జైలు పడే నేరం.

ఆరో అడుగు: బాకీ రుజువు. ఇది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు

దివాలా ప్రకటన జరిగాక ప్రతి రుణదాతా తన బాకీని అఫిడవిట్‌తో రుజువు చేసుకోవాలి (సెక్షన్ 49). కోర్టులో ఇవ్వవచ్చు, రిజిస్ట్రేషన్‌తో పోస్టులో పంపవచ్చు. అఫిడవిట్‌లో ఖాతా వివరం, ఆధార పత్రాల జాబితా ఉండాలి. పిటిషన్లో మీ పేరు ఉంది కదా అని ఊరుకుంటే కుదరదు.

వడ్డీ దగ్గర కమిటీలు కంగారు పడతాయి. మీ నోటు మీద ఎంత రాసి ఉన్నా, పంపకం లెక్కకు ఏడాదికి 6 శాతానికి మించకుండానే వడ్డీ కడతారు (సెక్షన్ 48). అందరి రుజువైన బాకీలూ పూర్తిగా తీరాక ఇంకా మిగిలితేనే ఎక్కువ వడ్డీ అడగొచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. అసలు 2,00,000, వడ్డీ 18 శాతం, రెండేళ్లుగా కట్టలేదు. మీ పుస్తకంలో వడ్డీ 72,000. పంపకానికి లెక్కలోకి వచ్చేది 24,000. అంటే 2,24,000. అందులో సభ్యుడి పొదుపు 30,000 చెల్లు పెడితే 1,94,000. రిసీవరు రూపాయికి 20 పైసలు పంచితే చేతికొచ్చేది 38,800. పొదుపుతో కలిపి 68,800 దక్కినట్టు. మిగతాది జామీనుదారు దగ్గర రావాలి. 6 శాతం పరిమితి కేవలం పంపకానికే అన్న సంగతి ఆయన మీద వేసే దావాలో వకీలుకు గుర్తుచేయండి.

రుజువు చేసుకోకపోతే ఇంకో దెబ్బ ఉంది. ఒక్కోసారి బాకీదారు గడువులోగా డిశ్చార్జ్ కోసం అడగడు, ప్రకటన రద్దయిపోతుంది. అప్పుడు మళ్లీ దావా వేసుకోవచ్చు. ప్రకటన తేదీ నుంచి రద్దు దాకా గడిచిన కాలాన్ని గడువు లెక్కలోంచి మినహాయిస్తారు కూడా. కానీ ఈ మినహాయింపు బాకీ రుజువు చేసుకున్నవాళ్లకే (సెక్షన్ 78). ఇంట్లో కూర్చున్న సంఘానికి పంపకంలో వాటా రాదు, గడువులో మినహాయింపూ రాదు.

ఏడో అడుగు: రాజీ ప్రతిపాదన వస్తే

ఈ చట్టంలో రాజీకి దారి ఉంది, వాడుకునేవాళ్లే తక్కువ. ప్రకటన తర్వాత బాకీదారు "రూపాయికి 40 పైసలు, మూడేళ్లలో కడతాను" లాంటి పథకం పెట్టవచ్చు (సెక్షన్ 38). బాకీ రుజువు చేసుకుని, స్వయంగానో వకీలు ద్వారానో హాజరైన రుణదాతల్లో సంఖ్యలో సగానికి మించి, విలువలో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. ఆ తర్వాత కోర్టు ఆమోదిస్తే, రుజువు చేసుకోదగ్గ బాకీలున్న అందరికీ, ఓటు వేయనివాళ్లతో సహా, అది వర్తిస్తుంది. బావమరిది చేబదుళ్ల మీద మొదటి రోజే ఎర్ర గీత గీయమన్నది ఈ ఓటు కోసం కూడా. ఆ దొంగ బాకీలు రుజువు దశలోనే కొట్టివేయించకపోతే, ఇక్కడ వాళ్ల ఓటు మీ వాటాను నిర్ణయిస్తుంది.

పథకం బాగుందో లేదో చూడటానికి నేను అడిగే ప్రశ్నలు రెండే. ఆస్తి ఇప్పుడే అమ్మి పంచితే వచ్చేదానికంటే ఇది ఎక్కువా? కట్టే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద ఉందా? రెండింటికీ అవునంటే ఒప్పుకోండి. పని చేసుకుంటూ కట్టే మనిషి, దాక్కుని తిరిగే మనిషికంటే సంఘానికి మేలు. ఓటు వేసేముందు జామీనుదారు నుంచి "ఈ రాజీకి సమ్మతమే, నా బాధ్యత కొనసాగుతుంది" అని రాత తీసుకోండి.

ఎనిమిదో అడుగు: డిశ్చార్జ్ రోజు

డిశ్చార్జ్ అయితే రుజువు చేసుకోదగ్గ బాకీలన్నీ తీరినట్టే, కొన్ని మినహాయింపులతో. మోసంతోనో, నమ్మకద్రోహంతోనో చేసిన బాకీ పోదు. సంఘం సొమ్ము వాడుకుని ఐపీ పెట్టిన కోశాధికారికి ఈ మినహాయింపు తగులుతుంది, కాబట్టి అలాంటి కేసులో రుజువు పత్రంలోనే ఆ సంగతి రాయండి. బాకీదారు ఆస్తులు రూపాయికి అర్ధ రూపాయికి కూడా చాలకపోతే, అది తన చేతిలో లేని కారణాల వల్లేనని ఆయన చూపించలేకపోతే, కోర్టు పూర్తి డిశ్చార్జ్ నిరాకరించాలి (సెక్షన్ 42). ఆ రోజు వాయిదాకి మీ మనిషి ఉండాలి.

సంఘం పుస్తకాల్లో

కోర్టు పని ఒకవైపు నడుస్తుండగా లెక్కలు సరిచేయండి. నోటీసు అందిన నెల నుంచి ఆ రుణం మీద వడ్డీని ఆదాయంగా రాయడం ఆపండి. పై ఉదాహరణలో ఏడాదికి 36,000 వడ్డీ రానేరాదు. దాన్ని లాభంలో చూపించి బోనస్ పంచితే పంచేది సభ్యుల పొదుపునే. పొదుపు, జామీను పోగా రాదనిపించే మొత్తానికి కేటాయింపు చేయండి. రిజర్వు 80,000 ఉండి కేటాయింపు 1,20,000 అవసరమైతే ఆ ఏడాది లాభం పంపకం వద్దు. గ్రూపు పేర బ్యాంకు లింకేజీ రుణం ఉన్న మహిళా సంఘాల్లో, ఒకరు ఐపీ పెట్టినా బ్యాంకు గ్రూపును అడుగుతుంది. ఆ కిస్తీ ఎక్కడి నుంచి కట్టాలో వెంటనే మాట్లాడుకోండి, లేకపోతే తర్వాతి రుణానికే ఎసరు.

సభ్యులకు మీరే ముందు చెప్పండి, పుకారు ద్వారా తెలియనివ్వకండి. బాకీ ఎంత, చేతిలో పొదుపు ఎంత, జామీను ఎవరు, వాయిదా ఎప్పుడు, రిజర్వు ఎంత. ఈ ఐదు వివరాలు బోర్డు మీద రాస్తే పొదుపు వెనక్కి తీసుకుంటామని క్యూ కట్టేవాళ్లు చాలావరకు ఆగుతారు.

తర్వాతి మహాసభలో బైలాస్‌కు ఈ సవరణలు పెట్టండి: జామీను లేని రుణం ఏ ఒక్కరికీ రిజర్వు నిధిని మించకూడదు. ఒకరికొకరు జామీను ఉండకూడదు. రుణం బాకీ ఉన్నంతకాలం పొదుపు వాపసు ఇవ్వకూడదు, బాకీలోకి సర్దుకునే హక్కు సంఘానికి ఉండాలి. నోటు గడువుకు ఆరు నెలల ముందే కమిటీ ముందుకు జాబితా రావాలి. సవరణ నమోదయ్యాక పాత రుణగ్రహీతల దగ్గర, వాళ్ల జామీనుదారుల దగ్గర కూడా కొత్త షరతుల మీద సంతకాలు తీసుకుని ఫైల్లో పెట్టండి.